కల్లోల దేశానికి ఏ వాణిజ్య విధానం నప్పుతుంది? దారుల పోలిక, ఒక సలహా

చెన్నైలో అంతర్జాతీయ వాణిజ్యమో, పబ్లిక్ పాలసీయో చదువుతున్న మన తెలుగు పిల్లలు ప్రాజెక్టు పని మీద ప్యారిస్ కార్నర్‌లోని మా ఆఫీసుకి వస్తుంటారు. మాది కస్టమ్స్ క్లియరింగ్ పని. వాళ్ళలో కొందరు విదేశీ అభివృద్ధి సంస్థల్లో ఉద్యోగాలకు తయారవుతున్నారు. వాళ్ళు అడిగేవాటిలో నన్ను బాగా పట్టుకున్న ప్రశ్న ఇది: యుద్ధం నుంచి ఇంకా తేరుకోని దేశానికి వాణిజ్య విధానం రాయాల్సి వస్తే దేనితో మొదలుపెట్టాలి? ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడంతోనా, ఇరుగుపొరుగు దేశాలతో ఒప్పందాలతోనా, పెద్ద దేశాలు ఇచ్చే సుంకం లేని ప్రవేశాన్ని పట్టుకుని ఎగుమతులు పెంచడంతోనా, సొంత రైతునీ ఫ్యాక్టరీనీ కాపాడే సుంకాలతోనా, లేక ఉన్న సరిహద్దు గేటును బాగుచేయడంతోనా?

పుస్తకాలు అన్నీ కలిపి చేయమంటాయి. అలాంటి దేశంలో అన్నీ కలిపి చేయడానికి మనుషులు దొరకరు. ఒప్పందం చదివి, దాని మీద బేరమాడగల అధికారులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. వాళ్ళకీ జీతాలు సమయానికి రావు. కాబట్టి ఒకటి ముందు పెట్టి, ఇంకొకటి వెనక్కి జరపక తప్పదు.

ఏ దారిని తూచినా నేను అడిగేది ఒక్కటే. ఇది అమలు కావాలంటే గేటు దగ్గర నిలబడేది ఎవరు? ఈ విధానం వల్ల ‘సరే’, ‘కుదరదు’ అనే అధికారం అతని చేతిలో పెరుగుతుందా, తగ్గుతుందా? ప్రభుత్వం గట్టిగా ఉన్న చోట ఇది చిన్న సంగతి. గేటు తుపాకీ ఉన్నవాడి చేతిలో ఉన్న చోట మిగతావన్నీ దీని తరువాతే.

ముందు దేశం నాడి చూడాలి

కల్లోల దేశాలన్నీ ఒక్కలా ఉండవు. దక్షిణ సూడాన్ 2011 జూలైలో స్వతంత్ర దేశమైంది. దాని ఎగుమతి ఆదాయం దాదాపు అంతా ముడి చమురు నుంచే. ఆ చమురు పక్కనున్న సూడాన్ గుండా పైపులైనులో పోర్ట్ సూడాన్ చేరాలి. రవాణా ఛార్జీల గొడవ ముదిరి 2012 జనవరిలో ఆ దేశం తన బావుల్ని తానే మూసుకుంది. 2024 ఫిబ్రవరిలో సూడాన్ యుద్ధం మధ్య పైపులైను పగిలి, ప్రధాన ఎగుమతి నెలల తరబడి ఆగిపోయింది. అలాంటి చోట దిగుమతి సుంకం 5 శాతమా, 10 శాతమా అని కమిటీ వేయడం కాలయాపన. అక్కడ వాణిజ్య విధానమంటే పక్క దేశంతో రవాణా ఒప్పందం, ఇంకో దారి వెతుక్కోవడం.

సోమాలియాది వేరే కథ. మేకలు, గొర్రెలు, ఒంటెలు ప్రాణాలతో ఓడెక్కి గల్ఫ్‌కు వెళ్తాయి. పశువుల నుంచి మనుషులకూ సోకే రిఫ్ట్ వ్యాలీ జ్వరం భయంతో సౌదీ అరేబియా 2000లో ఆ దిగుమతుల్ని ఆపేసి, 2009 దాకా మళ్ళీ తెరవలేదు. పశువుల కాపరికి ఏ సుంకం తగ్గినా ఒరిగేదేమీ లేదు. అతనికి కావాల్సింది కొనేవాడు నమ్మే పశువైద్యుడి సంతకం, రేవు దగ్గర పశువుల్ని కొన్నాళ్ళు విడిగా ఉంచి పరీక్షించే చోటు.

మయన్మార్ విషయం చెన్నైలో ఉన్న మనకు మరీ దగ్గర. మన ఇడ్లీ పిండిలోకి వచ్చే మినుముల్లో చాలా భాగం అక్కడివే. మార్కెట్లో ఇప్పటికీ ‘బర్మా మినుములు’ అనే అంటారు. వాటిలో ఎఫ్‌ఏక్యూ అని మామూలు రకం ఒకటి, గింజ పెద్దగా, శుభ్రంగా ఉండే ఎస్‌క్యూ అని ఒకటి. ధర చెన్నై చేరేదాకా ఇంత అని టన్నుకి డాలర్లలో చెబుతారు. వాటిని కొనే దేశం దాదాపు ఒక్క మనదే. దీని సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

దేశం ఒకే సరుకు మీద బతుకుతోందా, ఒకే దారి మీదా, ఒకే కొనుగోలుదారు మీదా? ముందు ఇది తేల్చుకోండి. మందు దాన్ని బట్టి ఉంటుంది.

తలుపులు బార్లా తెరవడం

సుంకాలన్నీ ఒక్కసారిగా దించేస్తే గేటు దగ్గర అడిగేవాడికి అడగడానికి ఏమీ మిగలదు. నేను వేసిన ప్రశ్నకి ఇది మంచి జవాబులాగే కనిపిస్తుంది. కానీ హైటీలో ఏం జరిగిందో చూడండి. 1995లో బియ్యం మీద దిగుమతి సుంకం 50 శాతం నుంచి 3 శాతానికి తగ్గింది. అమెరికా తన రైతుకు సబ్సిడీ ఇచ్చి పండించిన బియ్యం పోర్టోప్రిన్స్ రేవులో దిగింది. ఆర్తిబోనీత్ లోయలో వరి పండించే రైతు ఆ ధరకు అమ్మలేకపోయాడు. 2010 భూకంపం తరువాత, 1995లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ ఆ దేశ సెనేట్ కమిటీ ముందు, ఆ విధానం తన సొంత రాష్ట్రం అర్కన్సా రైతులకు పనికొచ్చి ఉండవచ్చు గానీ హైటీకి పనిచేయలేదని ఒప్పుకున్నాడు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి చేను చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ లోయ పరిస్థితి వేరే వివరించక్కర్లేదు.

అయితే యుద్ధం నడుస్తున్నప్పుడు తిండి మీద సుంకం వేయమనే మనిషిని కాను. యెమెన్ తినే గోధుమల్లో సుమారు 90 శాతం బయటి నుంచే రావాలి. అక్కడ రేవులో ఓడ రెండు వారాలు ఆగితే ఊళ్ళలో పొయ్యి వెలగదు. ఆకలి ఉన్నంతకాలం తిండిగింజలకు గేటు తెరిచే ఉంచాలి. తెరిచేటప్పుడే, మళ్ళీ పంట చేతికొచ్చాక రైతును ఎలా కాపాడతామో కూడా రాసిపెట్టుకోవాలి. హైటీలో ఆ రెండో సగం లేకుండా పోయింది.

కాపాడటం: సుంకంతోనా, లైసెన్సుతోనా

సొంత పరిశ్రమను కాపాడుకోవాలనే కోరిక తప్పు కాదు. మొజాంబిక్‌లో అంతర్యుద్ధం 1992లో ముగిసింది. ఒకప్పుడు జీడిగింజల ఉత్పత్తిలో ప్రపంచంలోనే ముందున్న దేశం అది. గింజ ఒలిచే ఫ్యాక్టరీల్లో వేలమంది పని చేసేవారు. పచ్చి గింజ ఎగుమతి మీద 20 శాతం సుంకం ఉండేది. ప్రపంచ బ్యాంకు షరతు మీద 1995 తరువాత దాన్ని 14 శాతానికి దించారు. రైతుకు మంచి ధర వస్తుందని లెక్క వేశారు. పచ్చి గింజ ఓడెక్కి మన దేశానికి వచ్చింది, అక్కడి ఫ్యాక్టరీలు వరుసగా మూతపడ్డాయి. డానీ రోడ్రిక్, మరిద్దరు ఆర్థికవేత్తలు తరువాత లెక్క తీస్తే, జీడి పండించే కుటుంబానికి దక్కిన లాభం సగటున ఏడాదికి 5 డాలర్ల చిల్లర. మనం పాయసంలో వేసుకున్న జీడిపప్పు వెనక ఆ మూతపడిన ఫ్యాక్టరీలూ ఉన్నాయని తెలిశాక నేను ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. మొజాంబిక్ వేసింది సుంకం. రేవులో తూకం వేసి శాతం కట్టించుకోవడమే పని. అదే కాపాడే పని నిషేధంతోనో, లైసెన్సుతోనో, కోటాతోనో, రెండు రకాల డాలరు రేట్లతోనో చేస్తే మొత్తం గేటు దగ్గర మనిషి దయ మీదికి పోతుంది.

మా ఆఫీసు నుంచి నాలుగడుగులు వేస్తే బర్మా బజార్. బర్మాలో, అంటే ఇప్పటి మయన్మార్‌లో, 1962లో జనరల్ నే విన్ సైన్యంతో అధికారం పట్టుకుని, తరువాత రెండు మూడేళ్ళలో టోకు వ్యాపారం నుంచి చిల్లర దుకాణం దాకా జాతీయం చేశాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బియ్యం ఎగుమతిలో లోకంలో అందరికన్నా ముందున్న దేశం ఆ తరువాత పూర్తిగా వెనకబడింది. తమిళులు, తెలుగువాళ్ళు లక్షల సంఖ్యలో ఓడలెక్కి తిరిగొచ్చారు. ఉత్తరాంధ్రలో రంగం (రంగూన్) వెళ్ళొచ్చిన తాతల కథలు వినని ఇల్లు తక్కువ. ఆ దేశమే 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తరువాత మళ్ళీ అదే దారి పట్టింది. 2022 ఏప్రిల్‌లో, వచ్చిన డాలర్లను ఒక్క పనిదినంలో అధికారిక రేటుకు అక్కడి డబ్బు క్యాట్‌లుగా మార్చుకోవాలని కేంద్ర బ్యాంకు ఆదేశించింది. ఆగస్టుకల్లా ఆ రేటు డాలరుకు 2,100. బయట దానికన్నా చాలా ఎక్కువ. మినహాయింపు ఎవరికి ఇవ్వాలో, దిగుమతి లైసెన్సు ఎవరికి దక్కాలో నిర్ణయించింది సైనిక ప్రభుత్వమే. మినుములు పండించిన రైతుకు దక్కాల్సిన డబ్బులో కొంత ఆ రెండు రేట్ల మధ్యనే మాయమైంది.

నిషేధం సదుద్దేశంతో వచ్చినా చెడ్డ ఫలితం ఇవ్వగలదు. కాంగోలో ఖనిజాల డబ్బు సాయుధ ముఠాలకు పోతోందని 2010 సెప్టెంబరులో అధ్యక్షుడు జోసెఫ్ కబిలా తూర్పు ప్రాంతాల్లో గనుల తవ్వకం ఆపించాడు. 2011 మార్చి దాకా అది నడిచింది. చేత్తో తవ్వుకుని బతికేవాళ్ళ కూడు పోయింది. ముఠాలు పోలేదు. సోమాలియా కట్టెబొగ్గు అమ్మకం అల్ షబాబ్ అనే సాయుధ ముఠాకు ఆదాయమవుతోందని 2012 ఫిబ్రవరిలో భద్రతా మండలి దాన్ని నిషేధించింది. అయినా దొంగరవాణా ఏళ్ళ తరబడి సాగింది.

లైబీరియా మాత్రం నిషేధాన్ని వాడుకోగలిగింది. ఐక్యరాజ్యసమితి ఆ దేశ వజ్రాల మీద 2001లో, కలప మీద 2003లో ఆంక్షలు పెట్టింది. శాంతి కుదిరాక కలప ఆంక్షలు 2006లో, వజ్రాలవి 2007లో ఎత్తేసింది. ఆ మధ్యలో ఎవరికి అడవి కౌలు ఉంది, ఏ గని నుంచి రాయి వచ్చింది అనే రికార్డు వ్యవస్థ కొత్తగా కట్టారు. వజ్రం ఎక్కడిదో ధ్రువీకరించే అంతర్జాతీయ ఏర్పాటు కింబర్లీ ప్రక్రియలో చేరారు. నిషేధానికి గడువుంది, ఎత్తేయడానికి ఏం చేయాలో రాసి ఉంది, చేసే పనికి బయటి సాయం ఉంది. ఈ మూడూ లేని నిషేధానికి నేను ఓటు వేయను.

ప్రపంచ వాణిజ్య సంస్థ

చదువుకున్న పిల్లలకి ఎక్కువ ఆకర్షణ దీని మీదే. లాభాలున్నాయి. చట్టాలు రాసుకోవాల్సి వస్తుంది, ఇచ్చిన మాట మీద రేపటి మంత్రి కూడా నిలబడాల్సి వస్తుంది, పెట్టుబడిదారుకి కొంత ధైర్యం. లైబీరియా, అఫ్గానిస్తాన్ 2016 జూలైలో చేరాయి. కొమొరోస్, తూర్పు తైమూర్ 2024 ఆగస్టులో చేరాయి. ఇలాంటి దేశాలకు జీ7 ప్లస్ అనే కూటమి ఉంది (ధనిక దేశాల జీ7 వేరు); ఈ సంస్థలో చేరే పనిలో ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకోవడానికి 2017లో దాని పేరు మీద ఒక బృందం కూడా కట్టుకున్నాయి. మంచి పని.

కానీ దీన్ని ముందు వరుసలో పెట్టొద్దంటాను. యెమెన్ 2000లో దరఖాస్తు చేసి 2014 జూన్‌లో సభ్యదేశమైంది. అదే సెప్టెంబరులో హూతీ తిరుగుబాటుదారులు రాజధాని సనాను పట్టుకున్నారు. అఫ్గానిస్తాన్ 2004లో దరఖాస్తు చేస్తే పన్నెండేళ్ళు పట్టింది. చేరిన ఐదేళ్ళకు, 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ వశమైంది. జెనీవాలోని ఆ సంస్థ దగ్గర ఒప్పుకున్న మాట పాకిస్తాన్ సరిహద్దులోని తోర్ఖామ్ గేటు దగ్గర దానంతట అది అమలు కాదు. దరఖాస్తు పెట్టండి, నెమ్మదిగా నడవనివ్వండి. ఉన్న నలుగురు మంచి అధికారుల్నీ పదేళ్ళు ఆ ఒక్క పనికే కట్టేయకండి.

ఇరుగుపొరుగు, చిన్న వ్యాపారి

నా దృష్టిలో దీనికి దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదు. కాంగోలోని గోమాకీ రువాండాలోని గిసెన్యీకీ మధ్య ఉన్న చిన్న గేటు గుండా మామూలు రోజుల్లో వేలమంది దాటుతారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. తల మీద టమాటాలు, గుడ్లు, కూరగాయల గంపలు. ఆ డబ్బుతోనే ఆ పూట వంట. పెద్ద కంటైనరుకి అడిగే కాగితాలన్నీ ఆమెను అడిగితే చీకట్లో తోట దారి పట్టడం తప్ప ఇంకేం చేస్తుంది? ఆ దారిలో డబ్బు గుంజడమే కాదు, ఆడమనిషికి అంతకన్నా పెద్ద ప్రమాదాలున్నాయి.

తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల కూటమి కోమెసా దీనికోసం సరళ వాణిజ్య పద్ధతి ఒకటి పెట్టింది. రెండు దేశాలూ ఒప్పుకున్న సరుకుల జాబితా గేటు దగ్గర ఉంటుంది. జాబితాలో ఉన్న సరుకు, విలువ ఒక పరిమితి లోపు ఉంటే పెద్ద సర్టిఫికెట్లు అక్కర్లేదు, చిన్న ఫారం చాలు. ఖర్చు తక్కువ, లాభం నేరుగా పేద ఇంటికి. అడిగేవాడి అధికారం కూడా తగ్గుతుంది, ఎందుకంటే జాబితా ఆమెకీ తెలుసు. 2025 జనవరిలో గోమా ఎం23 తిరుగుబాటుదారుల చేతికి పోయాక అక్కడ పరిస్థితి మారింది. కానీ గేటు ఎవరి చేతిలో ఉన్నా ఆ ఆడవాళ్ళు రేపు మళ్ళీ దాటాల్సిందే. అందుకే ఈ పద్ధతి మీద నాకు నమ్మకం.

పెద్ద ప్రాంతీయ కూటములు వేరు. దక్షిణ సూడాన్ 2016లో, కాంగో 2022లో, సోమాలియా 2024లో తూర్పు ఆఫ్రికా సమాజంలో చేరాయి. దక్షిణ సూడాన్‌కి వచ్చే సరుకులో చాలా భాగం మొంబాసా రేవులో దిగి, ఉగాండా మీదుగా నిములే గేటు దగ్గరికొస్తుంది కాబట్టి అది చేరడం సహజం. అయితే ఉమ్మడి సుంకాలు అమలు చేసేలోపు, ఆదాయం ఎంత తగ్గుతుందో, ఆ లోటు ఎవరు పూడుస్తారో లెక్క చూసుకోవాలి.

సుంకం లేని ప్రవేశం

ఐరోపా సమాఖ్య 2001 నుంచి ఆయుధాలు తప్ప ఏదైనా అనే పథకం కింద అతి పేద దేశాల సరుకుని సుంకం లేకుండా రానిస్తోంది. మన దేశం 2008లో మొదలుపెట్టిన పథకం ఇప్పుడు దాదాపు 98 శాతం సరుకులకు వర్తిస్తుంది. ఇవి ఉచితంగా దొరుకుతున్నప్పుడు వాడుకోకపోవడం తెలివితక్కువ. కానీ ఇవి ఒప్పందాలు కావు, ఇచ్చేవాడి ఇష్టం. ఇథియోపియా హవాసాలో బట్టల ఫ్యాక్టరీల పార్కు కట్టి, ఆఫ్రికా సరుకుని సుంకం లేకుండా రానిచ్చే అమెరికా ఆగోవా చట్టం కింద ఎగుమతి చేసేది. ఆ దేశంలోని టిగ్రే ప్రాంతంలో జరిగిన యుద్ధం కారణంగా అమెరికా 2022 జనవరి 1 నుంచి ఆ అర్హత తీసేసింది. యుద్ధం చేసింది ఒకరు. పని పోయింది మిషను ముందు కూర్చున్న అమ్మాయిలకి.

గేటు

అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్ తొలిసారి పడిపోయాక, హెరాత్ గవర్నరు ఇస్మాయిల్ ఖాన్ ఇరాన్ సరిహద్దు నుంచి వచ్చే కస్టమ్స్ డబ్బుని కాబూల్‌కు సరిగా పంపేవాడు కాదు. 2004 సెప్టెంబరులో అతన్ని పదవి నుంచి తీసేదాకా దేశానికి రావాల్సిన పెద్ద ఆదాయం ఒక మనిషి చేతిలో ఉండిపోయింది. అప్పుడు కాబూల్‌లో ఎంత చక్కని సుంకాల పట్టిక అచ్చువేసినా ఏం లాభం? లైబీరియాలో 2005లో దాతలు, ప్రభుత్వం ఒక ఒప్పందానికి వచ్చి, రేవు లాంటి ఆదాయ సంస్థల్లో స్థానిక అధికారితో పాటు బయటి నిపుణుడి సంతకం కూడా తప్పనిసరి చేశాయి. స్వాభిమానానికి దెబ్బ అన్నవాళ్ళున్నారు, అది నిజం కూడా. అయినా గడువు పెట్టుకుని చేసినంతవరకు నేను దాన్ని సమర్థిస్తాను.

గేటు బాగుచేయడం అంటే స్కానర్ కొనడం అనుకుంటారు. దానికన్నా ముందు చేయాల్సినవి చవకైనవి. సుంకం రేట్లు రెండో మూడో ఉంటే చాలు. రేట్లు ఎక్కువైతే ఏం జరుగుతుందో నేను రోజూ చూసేదే: ముడి వక్క అయితే ఒక హెచ్ఎస్ కోడ్ (సరుకు ఏ తరగతిదో చెప్పే నంబరు), తయారుచేసిన వక్క అయితే ఇంకోటి, రెండింటికీ సుంకంలో ఎంతో తేడా. ఇక్కడ దాని మీద గొడవ వస్తే ట్రిబ్యునల్ ఉంది, హైకోర్టు ఉంది. అక్కడ గేటు దగ్గర మనిషి మాటే తీర్పు. రోడ్డు మీద మధ్యలో ఉన్న వసూళ్ళు కూడా లెక్కలోకి తీసుకోవాలి. జీఎస్టీకి ముందు తడ దగ్గర భీమునివారిపాలెం చెక్‌పోస్టులో చెన్నై లారీల వరుస చూసినవాళ్ళకి ఆ టెన్షన్ తెలుసు. అలాంటి ఆపుడు ప్రతి కొన్ని మైళ్ళకూ ఒకటి ఉండి, ఆపేవాడికి యూనిఫాం ఉండీ లేనట్టుంటే ఎలా ఉంటుందో ఊహించండి. దక్షిణ సూడాన్ రాజధాని జూబా నుంచి నిములే దాకా 192 కిలోమీటర్ల రోడ్డును అమెరికా డబ్బుతో వేసి 2012లో తెరిచారు. తారు రోడ్డు వచ్చింది గానీ వసూళ్ళు ఆగలేదు.

ప్రపంచ వాణిజ్య సంస్థలో 2017లో అమల్లోకి వచ్చిన వాణిజ్య సౌలభ్య ఒప్పందంలో పేద దేశానికి ఒక మంచి వెసులుబాటు ఉంది. ఏ పని ఇప్పుడే చేయగలం, దేనికి సమయం కావాలి, దేనికి బయటి సాయం వచ్చాకే చేస్తాం అని దేశమే మూడు వర్గాలుగా చెప్పుకోవచ్చు. ఆ మూడో వర్గాన్ని సిగ్గుపడకుండా వాడుకోవాలి.

అయితే ఏది ఎంచుకోవాలి

పోరు ఇంకా నడుస్తుంటే: తిండి, మందులు, ఇంధనానికి గేటు తెరిచి ఉంచడం, చిన్న వ్యాపారికి సరళ పద్ధతి, ఇంతే. కొత్త లైసెన్సులు, కొత్త నిషేధాలు వద్దు. పోరు ఆగి, రాజధాని మాట కనీసం రెండు మూడు గేట్లలో చెల్లుతుంటే: ఆ గేట్లతో మొదలుపెట్టి సుంకం రేట్ల సంఖ్య తగ్గించి, రుసుముల పట్టిక స్థానిక భాషలో గోడ మీద రాయించాలి, ప్రతి నెలా ఏ గేటు ఎంత వసూలు చేసిందో రేడియోలో చెప్పించాలి. రవాణా దారి కోసం పక్క దేశంతో ఒప్పందం అప్పుడే. ఆ ఆదాయం నిలకడగా వస్తున్నాక ఒకటో రెండో సరుకులకు గడువు పెట్టి సుంకంతో రక్షణ, దానితో పాటే ప్రపంచ వాణిజ్య సంస్థ దరఖాస్తు.

ఒక్క కొనుగోలుదారు మీద బతికే దేశానికి వరస కొంచెం మారుతుంది. 2017 ఆగస్టులో మన దగ్గర పప్పుల ధరలు పడిపోయాయని ఢిల్లీ ఉన్నట్టుండి కందుల దిగుమతికి ఏడాదికి 2 లక్షల టన్నులు, మినుములు పెసలకు కలిపి 3 లక్షల టన్నులు అని హద్దు పెట్టింది. మన రైతు కోసం పెట్టిన హద్దే, కాదనను. కానీ బర్మా గోదాముల్లో ఉన్న సరుకు ధర కుప్పకూలింది. తరువాత 2021 జూన్‌లో ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు ఐదేళ్ళ పాటు కొంటామని రెండు ప్రభుత్వాలూ రాసుకున్నాయి. అలాంటి దేశం తరఫున మీరు కూర్చుంటే, టన్నుల అంకె కన్నా ముందు ఒక నిబంధన అడగండి: హద్దు పెట్టేముందు ఒక పంటకాలం నోటీసు. అక్కడ మినుములు అక్టోబరు, నవంబరుల్లో చల్లుతారు. ఆ కబురు సెప్టెంబరులోపు ఊరికి చేరితే రైతు ఆ ఏడు ఇంకో విత్తనం చల్లుకుంటాడు.